తీగ లాగితే రాగం కదులుతుంది

హోం ఆడియో మీద మోజున్నవాళ్ల ఇళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. స్పీకర్లకు లక్ష పోస్తారు. వాటిని గోడకు ఎంత ఎడంగా పెట్టాలో నెల రోజులు తర్జనభర్జన పడతారు. బంగారు పూత లేని కనెక్టర్లను ముట్టుకోరు. అదే వరుసలో ఉన్న ఎఫ్ఎం ట్యూనర్ వెనక్కి తొంగిచూస్తే మాత్రం మూరెడు తీగ దుమ్ముకొట్టుకుని వేలాడుతుంటుంది. కొన్ని ఇళ్లలో అదీ ఉండదు. ఆ తర్వాత వాళ్లే, 'ఎఫ్ఎంలో ఏముందండీ, గరగర తప్ప' అని తీర్పు చెప్పేస్తారు. నేరం తీగది, శిక్ష రేడియోకి.

నిజానికి ఎఫ్ఎం పుట్టిందే గరగర వదిలించడానికి. అమెరికా ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933 డిసెంబరులో దీనికి పేటెంట్లు సంపాదించాడు. 1935 నవంబరులో న్యూయార్క్‌లో రేడియో ఇంజనీర్ల సభలో చేసిన ప్రదర్శనలో గ్లాసులోకి నీళ్లు పోస్తున్న చప్పుడు, కాగితం నలుపుతున్న చప్పుడు వినిపించాడు. రేడియో అంటే రొద సహజమే అనుకునే రోజులవి. ఆయన జీవితం మాత్రం ఆ శబ్దమంత హాయిగా సాగలేదు. 1945లో అమెరికా ప్రభుత్వం ఎఫ్ఎం బ్యాండును 42-50 మెగాహెర్ట్జ్ నుంచి 88-108కి మార్చడంతో అప్పటిదాకా జనం కొన్న సెట్లు మూలన పడ్డాయి. పేటెంట్ల కోసం ఆర్‌సీఏ కంపెనీతో ఏళ్ల తరబడి పోరాడి అలసిపోయిన ఆర్మ్‌స్ట్రాంగ్ 1954 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన భార్య మేరియన్ కొనసాగించిన దావాల్లో చివరిది 1967లో ఆమెకు అనుకూలంగా తేలింది.

మన దేశంలో ఆకాశవాణి తొలి ఎఫ్ఎం ప్రసారం 1977 జులై 23న మద్రాసులో మొదలైంది. తొలి ప్రైవేటు స్టేషన్ 2001 జులైలో బెంగుళూరులో గొంతు విప్పింది. 2023 ఏప్రిల్ 28న ఒక్కరోజే 91 చిన్న ట్రాన్స్‌మిటర్లను, ఒక్కొక్కటి 100 వాట్ల సామర్థ్యంతో, ప్రధాని ప్రారంభించారు. అంటే ఎఫ్ఎం పరిధిలోకి కొత్త ఊళ్లు ఇంకా చేరుతూనే ఉన్నాయి. చేరిన శబ్దాన్ని పూర్తిగా అందుకుంటున్న ఇళ్లే తక్కువ.

తీగకు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ట్యూనర్ చేసే పని కొంచెం తెలియాలి. ఏఎం ప్రసారంలో పాట రేడియో తరంగం ఎత్తుపల్లాల్లో దాగి ఉంటుంది. ఉరుములు, మోటార్లు, ట్యూబ్‌లైటు చోకులు చెడగొట్టేదీ ఆ ఎత్తుపల్లాలనే. అందుకే మెరుపు మెరిస్తే మీడియం వేవ్ గరగరలాడుతుంది. ఎఫ్ఎంలో పాట ఉండేది ఫ్రీక్వెన్సీ హెచ్చుతగ్గుల్లో. కాబట్టి ట్యూనర్ ధైర్యంగా తరంగం తలలన్నీ ఒకే ఎత్తుకు కత్తిరించి పారేస్తుంది. రొద ఆ కత్తిరింపుల్లో పోతుంది, పాట మిగులుతుంది. అయితే ఈ కత్తెర ఆడాలంటే వచ్చే సిగ్నల్‌కు కొంత బలం ఉండాలి. బలహీనమైన సిగ్నల్‌లో తరంగమేదో రొదేదో ట్యూనర్‌కే అంతుపట్టదు. ఎంత ఖరీదైన పెట్టె అయినా తనదాకా రాని దాన్ని వినిపించలేదు. చాలా ఇళ్లలో మంచి ట్యూనర్‌కు, మామూలు ట్యూనర్‌కు ఉన్న తేడా కంటే గదిలోని తీగకు, డాబా మీది యాంటెన్నాకు ఉన్న తేడా ఎక్కువ.

ఎఫ్ఎం తరంగాలు దాదాపు చూపు వెళ్లినంత మేరే వెళ్తాయి. భూమి గుండ్రంగా ఉండటంతో దూరం పెరిగేకొద్దీ అడ్డు తగులుతుంది. 100 మీటర్ల టవరు నుంచి వచ్చే సిగ్నల్, మధ్యలో కొండలూ భవనాలూ లేవనుకుంటే, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న యాంటెన్నాకు సుమారు 46 కిలోమీటర్ల దాకా అందుతుంది. అదే యాంటెన్నాను 9 మీటర్ల ఎత్తున్న డాబా మీదికి ఎక్కిస్తే 53 కిలోమీటర్ల దాకా. దూరం పెరగడమొక్కటే లాభం కాదు. డాబా మీద కాంక్రీటు లేదు, అందులోని ఇనుప చువ్వలు లేవు, పక్కింటి ఎల్ఈడీ బల్బులు వెదజల్లే రొద తక్కువ. పట్నంలో ఉన్నవాళ్లకూ ఎత్తు అక్కరకొచ్చేది అందుకే.

ఆ యాంటెన్నా కోసం ఎక్కడికో పరిగెత్తాల్సిన పనిలేదు. ఎఫ్ఎం బ్యాండు మధ్యభాగంలో, అంటే 98 మెగాహెర్ట్జ్ దగ్గర, తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో సగానికి కాస్త తక్కువ పొడవున్న తీగ ఆ తరంగానికి చక్కగా స్పందిస్తుంది. ట్యూనర్‌తో పాటు అట్టపెట్టెలో వచ్చే టీ ఆకారపు రిబ్బన్ తీగ సరిగ్గా ఇదే. చాలామంది దాన్ని చుట్టచుట్టి సొరుగులో పడేస్తారు. దాన్ని విప్పి, అడ్డకర్రలా బారుగా చాచి, గోడకు పిన్నులతో గుచ్చితేనే సగం జబ్బు నయమవుతుంది. చుట్టచుట్టి బల్ల వెనక పడేస్తే అది యాంటెన్నా కాదు, ఉత్త తీగ.

ఇంకో మెట్టు ఎక్కాలనుకునేవాళ్లకు డైపోల్ ఉంది. 73 సెంటీమీటర్ల చొప్పున రెండు అల్యూమినియం గొట్టాలను ఒకదానికొకటి తగలకుండా ప్లాస్టిక్ పైపుకు అటొకటి ఇటొకటి బిగించాలి. మధ్యలో కేబుల్ టీవీకి వాడే 75 ఓమ్‌ల కోయాక్సియల్ తీగ కలపాలి. నడుమ తీగ ఒక గొట్టానికి, పైనున్న జల్లెడ అల్లిక రెండో గొట్టానికి. ఖర్చు వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. దాని ముఖం స్టేషన్ టవరు వైపు ఉండాలి, కొసలు కాదు. అడ్డంగా పెట్టి విని, తర్వాత నిలువుగా పెట్టి వినాలి. స్టేషన్‌ను బట్టి ఏది బాగుంటే అదే ఖాయం చేసుకోవచ్చు. ట్యూనర్ వెనక పాతకాలపు 300 ఓమ్‌ల మరలు మాత్రమే ఉంటే, దూరదర్శన్ యాంటెన్నాల రోజుల్లో వాడిన బేలన్ అనే చిన్న ముక్క మధ్యలో తగిలించాలి. ఆ రోజుల్లో డాబా మీద నిలబెట్టిన టీవీ యాంటెన్నానే రేడియోకు కలుపుదామనుకుంటే మాత్రం ఫలితం అంతంతే. వాటిలో ఎక్కువ భాగం వేరే బ్యాండు కొలతలతో చేసినవి.

దూరపు ఊళ్లకు మూడు నుంచి అయిదు కడ్డీలుండే యాగీ యాంటెన్నా మేలు. అది ఒక దిక్కునుంచి వచ్చేదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. చాలా నగరాల్లో ప్రైవేటు స్టేషన్లన్నీ ఒకే టవరు మీద నుంచి ప్రసారం చేస్తాయి కాబట్టి ఒకసారి అటు తిప్పి బిగిస్తే చాలు. ఆకాశవాణి టవరు మరో దిక్కున ఉంటే మాత్రం రెంటికీ మధ్యస్థంగా పెట్టుకోవడమో, ఏది ముఖ్యమో తేల్చుకోవడమో తప్పదు. ఎత్తున ఇనుప కడ్డీ నిలబెట్టేవాళ్లు దానికి ఎర్త్ తీగ వేయించడం మరిచిపోకూడదు. వేసవిలో ఉరుములు మొదలవగానే కేబుల్‌ను ట్యూనర్ నుంచి ఊడదీయాలి. పిడుగుకు సంగీతం తెలియదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ల బాధ వేరు. డాబా మీద గొట్టం పాతాలంటే అసోసియేషన్ కార్యదర్శి దయ కావాలి. అది దొరకనప్పుడు టవరు వైపున్న బాల్కనీలోనో కిటికీ దగ్గరో రిబ్బన్ తీగ చాచాలి. ఇనుప గ్రిల్లుకు అంటిస్తే లాభం లేదు. నగరాల్లో అసలు సమస్య సిగ్నల్ తక్కువ కావడం కాదు, ఒకే సిగ్నల్ పది దారుల్లో రావడం. ఎదురుగా వచ్చే తరంగంతో పాటు అద్దాల మేడల మీద, కొండరాళ్ల మీద తగిలి తిరిగొచ్చేవి కాస్త ఆలస్యంగా చేరతాయి. దూరదర్శన్ కాలంలో తెర మీద మనిషి పక్కన మసగ్గా మరో మనిషి కనిపించేది గుర్తుందా? ఆ జాడ్యమే రేడియోలో చెవికి సోకుతుంది. పాటలో స, శ, ష అక్షరాలు వచ్చినచోట ఇసుక రాలినట్టు వినబడితే కారణం చాలాసార్లు అదే. అప్పుడు ట్యూనర్ మీది సూది ఎక్కడ ఎక్కువ చూపిస్తోందని కాక, గొంతు ఎక్కడ తేటగా ఉందని వెతకాలి. యాంటెన్నాను ఒక అడుగు జరిపినా తేడా తెలుస్తుంది. 1964లో వచ్చిన మారంజ్ 10బీ అనే పేరుమోసిన ట్యూనర్‌లో ఈ దోషాన్ని కంటితో చూసి యాంటెన్నా తిప్పుకోవడానికే చిన్న ఆసిలోస్కోప్ తెర అమర్చారు. అంత ఖరీదైన పెట్టె చేసినవాళ్లూ యాంటెన్నాను తిప్పుకోవాల్సిందేనని చెప్పారన్నమాట.

షాపుల్లో అమ్మే బూస్టర్ల గురించి ఒక హెచ్చరిక. టవరుకు 60-70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో, యాంటెన్నా దగ్గరే బిగించే బూస్టర్ పనికొస్తుంది. నగరం నడిబొడ్డున పెడితే ట్యూనర్‌కు ఊపిరాడదు. ఒకే స్టేషన్ డయల్ మీద నాలుగుచోట్ల వినిపిస్తోందంటే సిగ్నల్ తక్కువై కాదు, మితిమీరి. అలాగే ఇంట్లో పుట్టే రొదనూ వెతకాలి. మొబైల్ చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు, ఇంటర్నెట్ రౌటర్లు, ఇన్వర్టర్లు ఒక్కొక్కటే ఆపి చూస్తే దొంగ దొరుకుతాడు.

స్టీరియో బటన్ కూడా కాస్త ఆలోచించి నొక్కాల్సిందే. అమెరికాలో 1961లో ఆమోదం పొంది ప్రపంచమంతా పాకిన స్టీరియో పద్ధతిలో, కుడి ఎడమల మొత్తం మామూలు దారిలో వస్తుంది. వాటి తేడా 38 కిలోహెర్ట్జ్ దగ్గర మేడమీద ప్రయాణిస్తుంది. స్టీరియో ఉందని ట్యూనర్‌కు చెప్పేది 19 కిలోహెర్ట్జ్ దగ్గరి సన్నని సంకేతం. ఎర్రదీపం వెలిగేది దాన్ని చూసే. మోనో సెట్లు కూడా పనికొచ్చేలా చేసిన ఈ ఏర్పాటుకు చెల్లించిన మూల్యం రొద. బలహీన సిగ్నల్ మీద స్టీరియోలో వినబడే రొద మోనో కంటే 20 డెసిబెళ్ల పైమాటే. దీపం వెలగకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు బాధపడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఘంటసాల పాడిన సినిమా పాటలు మోనో కాలం నాటివి. వాటిలో కుడీ ఎడమా తేడా లేదు. స్టీరియో నొక్కితే ఆ పాటకు అదనంగా చేరేది సుయ్‌మనే హోరు ఒక్కటే. వార్తలకూ అంతే. మోనో బటన్ ఒక్కటి నొక్కితే రేడియో బాగుపడిన ఇళ్లు ఎన్నో.

తెలుగువారి ఇళ్లకు ప్రత్యేకంగా వర్తించే మరో ముడి ఉంది. అమెరికాలో ఉన్న అబ్బాయో, అల్లుడో సెలవులకు వస్తూ మంచి ట్యూనర్ తెస్తాడు. అక్కడి కరెంటు 120 వోల్టులని, ఇక్కడ 230 అని అందరికీ తెలుసు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. తెలియనివి రెండున్నాయి. అమెరికాలో స్టేషన్లు 101.9, 102.1, 102.3 ఇలా బేసి అంకెలతోనే ముగుస్తాయి. అందుకే అక్కడి డిజిటల్ ట్యూనర్లు చాలావాటిలో అంకె రెండేసి చొప్పున దూకుతుంది. హైదరాబాద్‌లో రెయిన్‌బో 101.9 కాబట్టి దొరుకుతుంది. వివిధ భారతి 102.8. ఆ ట్యూనర్ 102.7 నుంచి 102.9కి దూకేస్తుంది. రెండుచోట్లా పాట అరకొరగా, బొంగురుగా వినిపిస్తుంది. పాపం స్టేషన్‌ను తిట్టుకుంటారు.

రెండో తేడా ఇంకా సూక్ష్మమైంది. రొద తగ్గించడానికి స్టేషన్లు సన్నని స్వరాలను కాస్త పెంచి పంపుతాయి, ట్యూనర్ అంతే తగ్గించి వినిపిస్తుంది. ఆ పెంపుకు అమెరికా కొలత 75 మైక్రోసెకన్లు, మనదీ యూరప్‌దీ 50. అమెరికా ట్యూనర్ మన స్టేషన్‌ను వింటూ ఉండాల్సిన దానికంటే ఎక్కువ కోసేస్తుంది. పై స్వరాల్లో 3 డెసిబెళ్లకు పైగా తరుగు. తాళాల మెరుపు, మృదంగం మీద వేళ్ల చురుకు మీద దుప్పటి కప్పినట్టుంటుంది. కొన్ని ట్యూనర్ల వెనక ఈ రెండింటినీ మార్చే చిన్న స్విచ్ ఉంటుంది. లేకపోతే తెలిసిన మెకానిక్ లోపల రెండు కెపాసిటర్లు మార్చగలడు. జపాన్ దేశీయ మార్కెట్ కోసం చేసిన పాత ట్యూనర్ల జోలికి అసలు పోకూడదు. వాటి డయల్ 76 దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోతుంది. మన ప్రైవేటు స్టేషన్లు మొదలయ్యేదే 91.1 దగ్గర.

సెకండ్ హ్యాండ్ ట్యూనర్ కోసం కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, ముంబై లామింగ్టన్ రోడ్డులోనో వెతికేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్నే. డయల్ మీది అంకెకు, దొరికిన స్టేషన్‌కు పొంతన ఉండాలి. గంటసేపు మోగించినా స్టేషన్ జారిపోకూడదు. వైడ్, నారో అనే స్విచ్ ఉంటే మన నగరాల్లో వైడ్‌లోనే వినవచ్చు. న్యూయార్క్ లాంటి చోట స్టేషన్లు కిక్కిరిసి ఉంటాయి. మన దగ్గర 91.1, 91.9, 92.7, 93.5 అని మధ్యలో 0.8 మెగాహెర్ట్జ్ ఎడం వదిలారు. ఆ విశాలత్వం వల్ల దారి ఇరుకు చేయాల్సిన పని లేదు. ఇరుకు చేస్తే శబ్దం నలుగుతుంది కూడా. ఇప్పటి ఏవీ రిసీవర్లలోనైతే ఈ పనంతా వేలిగోరంత చిప్పు చేసేస్తుంది. సరైన యాంటెన్నా తగిలిస్తే అదీ తక్కువ తినదు.

ఇంత చేశాక కూడా ఒక హద్దు ఉంటుంది. అది శ్రోత చేతిలో లేదు. ఎఫ్ఎం మోయగలిగేది 15 కిలోహెర్ట్జ్ దాకా. సంగీతానికి అది చాలు. కానీ స్టేషన్ ఏం పంపుతుందన్నదే ప్రశ్న. డయల్ తిప్పేవాడు తమ దగ్గరే ఆగాలన్న పోటీలో శబ్దాన్ని పిండి, మెల్లని స్వరాన్నీ పెద్ద స్వరాన్నీ ఒకే ఎత్తుకు లేపి పంపే యంత్రాలు ప్రపంచమంతటా స్టేషన్లలో ఉన్నాయి. ఈ జాతిలో ప్రసిద్ధమైన ఆప్టిమాడ్ 1975లోనే వచ్చింది. కారులో, వంటింట్లో, ట్రాఫిక్ రొద మధ్య అది సుఖమే. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మంచి స్పీకర్ల ముందు గంటసేపు వింటే మాత్రం తలనొప్పి. మంద్రస్థాయిలో మొదలై మెల్లగా పైకెక్కే ఆలాపనకు ఎత్తుపల్లాలే ప్రాణం. వాటిని చదును చేశాక మిగిలేది ఏకధాటిగా మోగే గొంతే. ట్యూనర్‌తో ఈ దోషం పోదు. మంచి ట్యూనర్‌లో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

అందుకే హోం ఆడియోలో ట్యూనర్‌కు చోటిచ్చేవాడు ఆకాశవాణి కార్యక్రమాల పట్టిక చూసుకోవాలి. జాతీయ సంగీత కార్యక్రమం 1952 నుంచి, ఆకాశవాణి సంగీత సమ్మేళనం 1954 నుంచి నడిచిన సంప్రదాయాలు. తిరువయ్యారు త్యాగరాజ ఆరాధన నుంచి వచ్చే ప్రత్యక్ష ప్రసారంలో వందల గొంతులు ఒక్కటైనప్పుడు వినిపించే గాలి, గొంతులు ఆగిన తర్వాతి క్షణం నిశ్శబ్దం, ఇవి మంచి యాంటెన్నా ఉన్న ఇంటికి వేరుగా చేరతాయి. డేటా ప్యాక్ అక్కర్లేదు, బఫరింగ్ లేదు, లాగిన్ లేదు. తుపాను రోజున ఇంటర్నెట్ పడిపోయినా టవరు నిలబడి ఉంటే చాలు. 2023లో కేంద్ర ఐటీ శాఖ మొబైల్ ఫోన్లలో ఎఫ్ఎం సౌకర్యం తీసేయొద్దని తయారీదారులకు సూచించడానికి చెప్పిన కారణాల్లో విపత్తులు కూడా ఉన్నాయి. ఆ ఫోన్లలో రేడియో మోగాలంటే ఇయర్‌ఫోన్ గుచ్చాలి. ఆ వైరే యాంటెన్నా. పాతిక వేల ఫోనుకైనా తీగే దిక్కు.

ఎఫ్ఎంకు ఇక రోజులు దగ్గరపడ్డాయని, యాంటెన్నా మీద ఖర్చు దండగని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో పస లేకపోలేదు. నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసింది. స్విట్జర్లాండ్ ప్రజా ప్రసార సంస్థ 2024 డిసెంబరు 31న అదే దారి పట్టింది. మన ట్రాయ్ కూడా 2025 అక్టోబరులో హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో డిజిటల్ రేడియో ప్రవేశపెట్టాలని సిఫార్సు చేసింది. అయితే ఆ సిఫార్సు ఎఫ్ఎంను తోసెయ్యమని కాదు. ఇప్పటి ప్రసారం పక్కనే, ఇదే బ్యాండులో డిజిటల్ కూడా నడపమని. అంటే పెట్టె మారినా తరంగం పొడవు మారదు. 73 సెంటీమీటర్ల గొట్టాలు రెండూ అప్పుడూ అంతే పనిచేస్తాయి. ట్యూనర్ కొనాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఈ ఆదివారం నిచ్చెన తీసుకుని డాబా ఎక్కడంలో మాత్రం నష్టమేమీ లేదు.